పారిస్ నుంచి ఒక్కరోజులో ప్రొవాఁ: పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా జవాబు

అక్టోబర్ చివరి వారంలో అమ్మానాన్నలతో పారిస్ వస్తున్నాం, అయిదు రోజులుంటాం, అందులో ఒకరోజు చుట్టూ పొలాలుండే చిన్న పాత ఊరు ఏదైనా చూపించాలి, కారు లేదు, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఇద్దరూ గుడ్డు కూడా ముట్టరు, కార్కాసోన్ పోవాలా ప్రొవాఁ పోవాలా, ఇదే కదా మీరడిగింది. ప్రొవాఁ వెళ్లండి. కార్కాసోన్ కోట గొప్పదే, కాదన్ను, కానీ అది దేశానికి ఆ చివర ఉంది, పోనూ రానూ రైల్లోనే రోజంతా అయిపోతుంది, డెబ్బై ఏళ్లాయన్ని అలా కూర్చోబెడితే కోట చూసే ఓపిక ఎక్కడుంటుంది చెప్పండి.

నేను పారిస్ తూర్పు వైపు శివార్లలో పన్నెండేళ్లుగా ఉంటున్నా. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ఈఫిల్ టవర్ అయిపోయిన మర్నాడు నేను తీస్కెళ్లేది ఈ ఊరికే, ఇప్పటికి తొమ్మిదిసార్లో పదిసార్లో వెళ్లుంటా. కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు పేరు సంగతి. Provins అనే స్పెల్లింగ్ చూసి ప్రొవిన్స్ అనకండి, చివరి అక్షరం పలకరు, ముక్కుతో ప్రొవాఁ అంటే సరిపోతుంది. ఇంకా ముఖ్యం, ఇది ప్రొవాన్స్ కాదు. ప్రొవాన్స్ అంటే దక్షిణాన లావెండర్ పొలాలుండే ప్రాంతం, ఇక్కడికి ఏడొందల కిలోమీటర్ల దూరం. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఈ రెండూ ఒకటే అనుకుని ప్రొవాఁ స్టేషన్లో దిగి, లావెండర్ తోటలు ఎటువైపండీ అని నాకు ఫోన్ చేశాడు. ఇక్కడ గులాబీలున్నాయిరా, వాటితో సరిపెట్టుకో అన్నా.

రైలు: పారిస్‌లో గార్ ద లెస్త్ స్టేషన్, లైన్ పీ అనే శివారు రైలు. గంటా ఇరవై, గంటా ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది, ఆఖరి స్టేషనే ప్రొవాఁ కాబట్టి ఎక్కడ దిగాలో అని కంగారు లేదు. రిజర్వేషన్ గిజర్వేషన్ ఏం ఉండదు. కాకపోతే ఇదే లైన్ పీ పేరుతో మో వైపు, కులొమ్మియే వైపు కూడా బళ్లు పోతాయి, బోర్డు మీద ప్రొవాఁ అని ఉన్నది చూసే ఎక్కండి. టికెట్ సంగతి మీకు కలిసొచ్చింది, 2025 జనవరి నుంచి పారిస్ ప్రాంతం మొత్తానికి ఎయిర్‌పోర్టులు తప్ప ఎక్కడికైనా ఒకటే రేటు పెట్టారు, మొదలుపెట్టినప్పుడు 2.50 యూరోలు, ప్రొవాఁ ఆ ప్రాంతంలో తూర్పు అంచున ఉన్నా లోపలికే వస్తుంది. నావిగో అనే ప్రయాణ కార్డు మీద వారం పాస్ ఉంటే అదీ చాలు, కానీ ఆ పాస్ సోమవారం నుంచి ఆదివారం వరకే, మీరు గురువారం దిగి ఏడు రోజులొస్తుందనుకుంటే రాదు. శని ఆదివారాల్లో లైన్ రిపేర్లు చేస్తుంటారు, ముందు రోజు రాత్రి యాప్‌లో ఒకసారి చూస్కోండి, తిరుగు రైలు టైము కూడా అప్పుడే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. గంటకో రైలు లెక్కన ఉంటాయి, ఒకటి తప్పితే పెద్దవాళ్లని చలిలో ప్లాట్‌ఫాం మీద గంట కూర్చోబెట్టాలి, నేను ఓసారి కోటగోడ మీద ఫొటోల పిచ్చిలో పడి కూర్చోబెట్టా, మా ఆవిడ ఇప్పటికీ తీస్తుంటుంది ఆ మాట.

రైల్లో మీ నాన్నగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. పల్లెటూరి మనిషైతే సగం ఆనందం అక్కడే. పారిస్ బిల్డింగులు అయిపోయాక బ్రీ అనే చదునైన నేల మొదలవుతుంది, కంచెల్లేవు, గట్లు లేవు, కనుచూపు మేర ఒకటే పొలం, గోధుమ కోసేసి మళ్లీ విత్తిన నేల. మీరొచ్చే టైముకి బీట్ దుంపలు తవ్వుతుంటారు. ఎర్ర బీట్‌రూట్ కాదు, చక్కెర తీసే తెల్ల దుంప, పొలం పక్కన రోడ్డు వారగా మట్టితో సహా కుప్పలు పోసుంటాయి, ఒక్కో కుప్ప మన గడ్డివాము కన్నా పొడుగ్గా. దారిలో నాంజీ దగ్గర చక్కెర ఫ్యాక్టరీ ఉంది. మా మామగారు జీవితమంతా చెరకు పండించి ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల లైన్లో రాత్రిళ్లు నిద్రపోయిన మనిషి, ఆ కుప్పలు చూసి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత వాళ్లకి టన్నుకి ఎంతిస్తారో కనుక్కో అన్నారు. ఎవర్ని అడగాలి నేను.

ఇప్పుడు అసలు విషయం. ప్రొవాఁ వెళ్లి బాలేదు అన్నవాళ్లు నాకు తెలుసు, నాలుగు పాత గోడలు, ఒక బురుజు, అంతే కదా అన్నారు. వాళ్లు దాన్ని కోట అనుకుని చూశారు, అది తప్పు. అది సంత జరిగిన ఊరు. యునెస్కోవాళ్లు 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది కూడా మధ్యయుగపు సంతల ఊరు అనే పేరుతోనే. ఆ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే ఆ గోడ ఎందుకు, ఆ నేలమాళిగ ఎందుకు, ఆ చర్చి సగంలో ఎందుకు ఆగింది అన్నీ అర్థమవుతాయి.

పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో ఈ ప్రాంతం షాంపేన్ కౌంట్ల చేతిలో ఉండేది, కౌంట్ అంటే ఒక ప్రాంతాన్ని ఏలే ప్రభువు. వాళ్లు ఏడాది పొడుగునా ఒకదాని తర్వాత ఒకటి ఆరు పెద్ద సంతలు నడిపించారు, లాన్యీలో ఒకటి, బార్ సూర్ ఓబ్‌లో ఒకటి, త్రోయాలో రెండు, ప్రొవాఁలో రెండు. ఒక్కోటీ ఒకరోజు సంత కాదండోయ్, వారాల తరబడి సాగేది. ఫ్లాండర్స్ నుంచి, అంటే ఇప్పటి బెల్జియం వైపు నుంచి, ఉన్ని బట్టలు, ఇటలీవాళ్ల చేతుల మీదుగా మిరియాలు, మసాలాలు, పట్టు, రంగులు. ఆ మిరియాలు ఎక్కడివి, మన మలబారు తీరం నుంచి చేతులు మారి మారి ఇక్కడిదాకా వచ్చినవే. ముందు కొన్నాళ్లు సరుకు దించుకుని సర్దుకోవడం, తర్వాత బట్టల అమ్మకం, తర్వాత తోలు, తర్వాత కాటా వేసి అమ్మే సరుకులు, చివర్లో లెక్కలు తేల్చుకోవడం. డబ్బు మొత్తం చేతిలో లేనివాడు వచ్చే సంతలో కడతానని కాయితం రాసిచ్చేవాడు, అచ్చం మన షావుకార్ల హుండీ లాగా. బంగారం తూచే ట్రాయ్ ఔన్స్ ఉంది చూశారా, ఆ పేరు కూడా త్రోయా సంత నుంచే వచ్చిందంటారు.

మరి ఇటలీ నుంచి కొండలు దాటి బంగారంతో వచ్చేవాడికి ధైర్యం ఎవరిచ్చారు? కౌంటే ఇచ్చాడు. మా సంతకొచ్చే వ్యాపారిని దారిలో ఎవడైనా దోచుకుంటే మేము ఊరుకోం అని. సంతలో తగువులు తీర్చడానికి వేరే అధికారులు ఉండేవాళ్లు. బదులుగా ఆయన ఆశీలు వసూలు చేసుకునేవాడు, మన ఊళ్లో సంత రోజు బుట్టకింతని రసీదు చింపి ఇస్తారే, అదే లెక్క, కాకపోతే పెద్ద మొత్తంలో. సరిగ్గా అదే కాలంలో, 1244 ప్రాంతంలో, మన కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు, తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు ఇదివరకటి రాజుల్లాగా లాక్కోం, సుంకం కడితే చాలు అని. ఆ మూల కౌంటూ ఈ మూల గణపతిదేవుడూ ఒకరి పేరు ఒకరికి తెలీకుండానే ఒకే సూత్రం పట్టుకున్నారు. మీ నాన్నగారికి చరిత్ర ఇష్టమైతే కోటగోడ దగ్గర ఈ ముక్క చెప్పండి, మోకాళ్లు మర్చిపోతారు.

ప్రొవాఁ టంకశాలలో కొట్టిన నాణెం ఎంత చలామణీ అయిందంటే రోమ్‌లో సెనేట్‌వాళ్లు దాన్ని చూసి అలాంటిదే కొట్టుకున్నారు. మరి అంత వైభవం ఏమైంది? 1284లో షాంపేన్ వారసురాలు జాన్ ఫ్రెంచ్ యువరాజుని పెళ్లి చేసుకుంది, ఆ మర్నాటి ఏడు ఆయన రాజయ్యాడు, సంతలు రాజు చేతికి పోయాయి, పన్నులు పెరిగాయి, ఫ్లాండర్స్‌తో యుద్ధాలు. అంతకుముందే 1277 నుంచి ఇటలీలోని జెనోవా ఓడలు సముద్రం మీద చుట్టుతిరిగి నేరుగా ఉత్తరానికి పోవడం మొదలెట్టాయి, మధ్యలో ఈ ఊరితో పనేముంది. హైవే బైపాస్ పడ్డాక పాత రోడ్డు మీద హోటళ్లకి ఏమవుతుందో అదే అయింది. డబ్బు పోయింది కాబట్టి పాతవి కొట్టేసి కొత్తవి కట్టుకునే శక్తి లేకపోయింది, అందుకే మనకి ఇవాళ చూడ్డానికి మిగిలింది. ఒక చిన్న సంగతి, 1280 ప్రాంతంలో మేయర్ పన్ను కట్టడం కోసం నేత పనివాళ్లకి పని గంటలు పొడిగించాడు, వాళ్లు తిరగబడి ఆయన్ని చంపేశారు. ఓవర్‌టైం గొడవ అన్నమాట. మా టీంలో ఈ కథ చాలా ఫేమస్.

ఇక ఎలా తిరగాలో. ఊరు రెండు భాగాలు, స్టేషన్ ఉన్నది కింది ఊరు, చూడాల్సినవి ఎక్కువ పై ఊర్లో. స్టేషన్ నుంచి పైకి నడిస్తే మామూలు మనిషికి ఇరవై, పాతిక నిమిషాలు, అందులో చివరి సగం ర్యూ సాఁ తిబో అనే వీధి, బాగా ఎత్తు, రాళ్లు పరిచిన దారి. సీజన్లో టూరిస్టుల చిన్న రబ్బరు టైర్ల బండి పైకీ కిందకీ తిరుగుతుంది, మీరొచ్చే రోజున ఉందో లేదో టూరిస్ట్ ఆఫీసు సైట్లో చూస్కోండి, లేకపోతే టాక్సీ ముందే చెప్పుకోండి, స్టేషన్ బయట ఆటోల్లాగా వరసగా నిలబడి ఉండవు. ఎలా అయినా ముందు పైకే వెళ్లిపోండి, ఓపికున్నప్పుడే. తిరిగొచ్చేటప్పుడు దిగుడు కదా అని తేలిగ్గా తీస్కోవద్దు, మోకాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం, వాన పడితే ఆ రాళ్లు జారతాయి కూడా. నాన్నగారికి మంచి గ్రిప్ ఉన్న బూట్లు వేయించండి, చెప్పులూ సాక్సులూ వద్దు.

పైన నేరుగా కోటగోడ చివరికి, పోర్త్ సాఁ జాఁ అనే ద్వారం దగ్గరికి వెళ్లండి. అది పారిస్ రోడ్డు వైపు ద్వారం. గోడ కట్టడం 1226లో మొదలైంది, ఇప్పుడు నిలబడి ఉన్నది 1,200 మీటర్లు. ద్వారం బయటికొచ్చి ఎడమా కుడీ చూడండి, ఒకపక్క గోడ, దాని కింద గడ్డి పరిచిన కందకం, ఇంకోపక్క దున్నిన చేను, మధ్యలో ఇంకేమీ లేదు. ఊరు అక్కడ కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. నాకు ఈ ఊర్లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. మన ఊళ్లలో ఊరి చివర అంటే ఇటుక బట్టీలు, వెంచర్ల హద్దురాళ్లు అలా మైలు దూరం సాగుతూనే ఉంటుంది కదా. బురుజుల్లో ఒకటి గుండ్రం, ఒకటి చదరం, ఒకటి ముక్కులా మొన తేలి, దేనికదే. గోడ వెంట బయటి నుంచి పోర్త్ ద జుయీ వరకూ నడవండి, దారి చదునుగానే ఉంటుంది, నాన్నగారికి ఇబ్బంది ఉండదు.

అక్కణ్ణించి లోపలికొస్తే గ్రాంజ్ ఓ దీమ్, అంటే పన్ను ధాన్యం కొట్టు. పదమూడో శతాబ్దపు రాతి కట్టడం, సంత రోజుల్లో తులూజ్ వ్యాపారులకి అద్దెకిచ్చేవాళ్లు, సంతలు పోయాకే చర్చి వాటా ధాన్యం పోసుకోవడం. లోపల వ్యాపారుల బొమ్మలు పెట్టారు, పిల్లలకి బావుంటాయి, నేనైతే ఆ స్తంభాల్నీ కిందనున్న మాళిగనీ చూడమంటా. తర్వాత ప్లాస్ ద్యు షాతెల్, పెద్ద చౌకు, ఒక పాత బావి, పక్కనే ఒక శిలువ, దాని పేరే మారకందారుల శిలువ, అంటే నాణేలు మార్చేవాళ్లు కూర్చున్న చోటు. అక్కడో బెంచీ చూస్కుని పావుగంట కూర్చోండి.

టూర్ సెజార్ అనే బురుజు పన్నెండో శతాబ్దానిది, కింద చదరం, పైన ఎనిమిది పలకలు. సీజర్‌కీ దానికీ సంబంధం లేదు. మెట్లు ఇరుకు, చీకటి, నాన్నగారిని ఎక్కించకండి, మీరు ఒక్కరే గబగబా ఎక్కిరండి. పైనుంచి చూస్తే పెంకుటిళ్ల కప్పులు, వాటి చుట్టూ నాలుగు దిక్కులా పొలాలు. పక్కనే సాఁ కిరియాస్ చర్చి, గుమ్మటం అతికించినట్టు ఉంటుంది, ఎందుకంటే అది 1662 అగ్నిప్రమాదం తర్వాత పెట్టింది. కౌంట్లు పన్నెండో శతాబ్దంలో భారీ ప్లానుతో మొదలెట్టారు, డబ్బులైపోయాయి, ముందు భాగం పొట్టిగా మిగిలిపోయింది. 1429లో జాన్ దార్క్, అదే మనం జోన్ ఆఫ్ ఆర్క్ అంటామే ఆవిడ, ఫ్రాన్స్ రాజు ఏడో షార్ల్ ఇక్కడ ప్రార్థనకొచ్చారు.

నేలమాళిగల సొరంగాలు దిగే దారిలో, ర్యూ సాఁ తిబోలో పాత ధర్మాసుపత్రి కింద ఉంటాయి. గైడ్‌తోనే పంపిస్తారు, టైములు ఉంటాయి. ఉన్ని బట్టల జిడ్డు తీసే మట్టి కోసం తవ్వి ఉంటారని ఒక మాట, పూర్వం మనవాళ్లు ఉతకడానికి చౌడు వాడినట్టు. లోపల చల్లగా, నేల ఎగుడుదిగుడుగా, కొన్నిచోట్ల తల వంచాలి. ఇదీ నాన్నగారికి వద్దు. బురుజూ సొరంగం రెండూ వదిలేస్తే టికెట్లు కలిపిన పాస్ కొనే పని కూడా లేదు, గ్రాంజ్ ఒక్కదానికి విడిగా తీస్కోండి. డేగల షో, గుర్రాల షో ఉంటాయి, పిల్లలుంటే సరే, మీకైతే ఆ టైము గోడ దగ్గర పెట్టడం మేలు.

తిండి. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు లోపే వండుతారు, రెండున్నరకి వెళ్తే కాఫీ తప్ప ఏం దొరకదు. వెజిటేరియన్ అంటే చేప పెడతారు, చేప వద్దంటే సలాడ్‌లో పంది మాంసం ముక్కలు చల్లి తెస్తారు, అది మాంసం కింద లెక్క కాదు వాళ్లకి. క్రేప్ షాపులో, అంటే పల్చటి అట్ల షాపులో, జొన్నరొట్టెలా ముదురు రంగులో ఉండే గాలెత్ తినొచ్చు అనుకుంటారు, దాని పిండిలో గుడ్డు కలిపేవాళ్లూ ఉన్నారు, అడగాలి. సాఁ వియాండ్, సాఁ జఫ్, అంటే మాంసం వద్దు గుడ్డు వద్దు, ఈ రెండు ముక్కలు నేర్చుకోండి. ఇంకోటి, బ్రీ ఈ నేలకే పుట్టిన చీజ్, కానీ మో పేరుతో, మెలాఁ పేరుతో వచ్చే అసలు బ్రీల్లో పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో, మీ ఇంట్లో పట్టింపు ఉంటే ముందే తెలిసుండటం మంచిది. నా మాట వింటే పొద్దున్నే పులిహోర కలుపుకుని డబ్బాలో తెచ్చుకోండి, గోడ బయట గడ్డిలో కూర్చుని తినండి. వాన పడితే మాత్రం నా పేరు చెప్పకండి.

మీరొచ్చే రోజుల్లో బేకరీల్లో నిఫ్లెత్ అని చిన్న చిన్న పొరల బిళ్లలు కనిపిస్తాయి, నవంబర్ 1 పండగకి ఈ ఊరివాళ్లు చేసుకునేవి, నారింజ పువ్వు వాసన గుప్పుమంటుంది. మధ్యలో క్రీంలో గుడ్డు ఉంటుంది, అమ్మానాన్నలకి పెట్టకండి, మీరు మాత్రం వదలకండి. శనివారం అయితే పొద్దున కింది ఊర్లో సంత ఉంటుంది, అమ్మగారు అక్కడ ఆపిల్స్, వాల్‌నట్స్ కొనుక్కోవచ్చు.

గులాబీల కథ ఏంటంటే నాలుగో తిబో కౌంట్ క్రూసేడ్ నుంచి, అంటే జెరూసలేం వైపు చేసిన మతయుద్ధం నుంచి, 1240 ప్రాంతంలో మొక్క తెచ్చాడని చెప్తారు, కథే అనుకోండి. కానీ ఎర్ర గులాబీని మందుగా వాడటంలో ఈ ఊరికి చాలాకాలం పేరుంది. తోటలో పువ్వులు చూడాలంటే జూన్‌లో రావాలి, మీకు కొమ్మలే కనిపిస్తాయి, అందుకని ఆ తోట వదిలేయండి. పై ఊరి షాపుల్లో గులాబీ రేకుల జాం సీసాలు ఉంటాయి. మా అత్తగారు చిన్న చెంచాతో రుచి చూసి ఒక నిమిషం కళ్లు మూసుకుని, ఇది మన గుల్కందే కద బాబూ, తమలపాకు ఒక్కటీ తక్కువ అన్నారు. నిజమే, కాకపోతే ఇది కొంచెం పల్చగా జారుతుంది, తీపి తక్కువ.

రాత్రి ఉండాలా అనడిగారు. అక్కర్లేదు, పెద్దవాళ్లకి పరుపు మారితే నిద్ర పట్టదు. కానీ అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి మారుస్తారు, ఆ తర్వాత సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది. తొమ్మిది లోపు పారిస్‌లో బయల్దేరి నాలుగున్నర, అయిదు మధ్య రైలు పట్టుకునేలా వేస్కోండి.

జాం కొంటే చెక్-ఇన్ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టండి, జాం కూడా ద్రవాల కిందే లెక్క, వంద మిల్లీలీటర్లు దాటితే చేతి సంచిలో పోనివ్వరు. మా అత్తగారు రెండు సీసాలు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని వెళ్లారు, సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేశారు, అక్కడే మూత తీసి నాలుగు చెంచాలు తినేసి వస్తానని ఆవిడ తెలుగులో ఎంత బతిమాలినా వినలేదట.